నెమలికంఠాన్ని మట్టి కూజా మీదికి దించడం: రంగులు మారే పెయింటు మొదటి నుంచి చివరి దాకా

జేబులో ఐదొందల నోటు ఉంటే ఒకసారి బయటికి తీయండి. నిలువుగా మెరిసే దారం ఒకటి కనిపిస్తుంది కదా. ఎదురుగా పట్టుకుంటే ఆకుపచ్చ, కాస్త వంచితే నీలం. ఆ దారంలో ఆకుపచ్చ రంగూ లేదు, నీలం రంగూ లేదు. ఉన్నదల్లా చాలా పలుచని పొరలు. ఆ పొరల ముచ్చటనే ఒక అడుగున్నర ఎత్తు మట్టి కూజా మీదికి ఎలా తేవాలో ఈ వ్యాసంలో చెబుతాను. మొత్తం పని వారం పడుతుంది. అందులో రంగు వేసేది గంటన్నర. మిగతా రోజులన్నీ రుద్దడం, ఆరబెట్టడం, ఆగడం. ఈ లెక్క నచ్చనివాళ్లకు ఈ పని కూడా నచ్చదని ముందే చెప్పేస్తున్నాను.

రంగులు మారడం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది నెమలికంఠం పట్టుచీర. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. చీర కదిలితే ఒకసారి ఇది పైకి తేలుతుంది, ఒకసారి అది. ధర్మవరం నేతగాళ్లకు ఈ డబుల్ షేడ్ వెన్నతో పెట్టిన విద్య. కానీ అక్కడ రెండు రంగులూ దారంలో నిజంగానే ఉన్నాయి, అద్దకం తొట్టిలో పట్టినవే. అసలు నెమలి సంగతి వేరు. దాని ఈకలో నీలం అద్దకమేదీ లేదు. నల్లటి మెలనిన్ కడ్డీలు వరుసగా పేర్చి ఉంటాయి. ఆ వరుసల మధ్య ఎడం కొలతను బట్టి వెలుగులో ఏ రంగు తిరిగి రావాలో తేలుతుంది. మెలనిన్ లేని తెల్ల నెమలిని జూపార్కులో చూసే ఉంటారు. పురి విప్పినా దానికి ఆ నీలం రాదు, ఆ ఆకుపచ్చా రాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పని వచ్చినట్టే: కింద నలుపు లేనిదే పైన రంగు లేదు.

పొడి లోపల ఏముంది

ఈ పెయింటులో రంగు మార్చేది అందులో కలిపే మెరుపు పొడి. దాని గురించి కాస్త లెక్క చెబుతాను, ఓపిక పట్టండి. దుకాణంలో మోసపోకుండా కాపాడేది ఇదే.

పలుచని పొర మీద వెలుగు పడితే కొంత పైముఖం నుంచి, కొంత అడుగు నుంచి తిరిగి వస్తుంది. ఈ రెండూ కలిసేటప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చచ్చిపోతాయి. వానలో రోడ్డు మీద ఒలికిన నూనె తళుకులు ఇవే, సబ్బు బుడగ మీద రంగులూ ఇవే. పొరను పక్కనుంచి చూస్తే తిరిగొచ్చే రంగు ఎప్పుడూ నీలం వైపుకే జరుగుతుంది. ఐదొందల నోటు ఆకుపచ్చ నుంచి నీలానికి పోతుంది, ఎరుపుకు పోదు. మంచి పొడి కూడా అంతే. బంగారం ఆకుపచ్చకు, ఆకుపచ్చ ఊదాకు, మెజెంటా బంగారానికి జరుగుతాయి. మెజెంటా బంగారానికి పోవడం వింతగా అనిపిస్తుంది. అందులో ఎరుపు, నీలం రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి ఎరుపు పసుపు వైపు జరిగి, నీలం కంటికి అందకుండా జారిపోతుంది.

ఎంత దూరం జరుగుతుందనేది పొర దేనితో చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎదురుగా చూస్తే 530 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఆకుపచ్చ ఇచ్చే రెండు పొరలు తీసుకుందాం. ఒకటి టైటానియం డయాక్సైడ్. ఇది వెలుగును బాగా వంచుతుంది, వక్రీభవన గుణకం సుమారు 2.5. రెండోది మెగ్నీషియం ఫ్లోరైడ్. ఇది తక్కువగా వంచుతుంది, గుణకం 1.38. రెండింటినీ 60 డిగ్రీలు వాల్చి చూడండి. మొదటిది సుమారు 497 దగ్గర ఆగుతుంది, అంటే కాస్త నీలం కలిసిన ఆకుపచ్చ. రెండోది 413 దాకా జారుతుంది, అంటే నిండు ఊదా. ఒకే ఆకుపచ్చతో మొదలై ఒకటి పక్కింటికి పోతే ఇంకోటి పక్క ఊరికి పోయింది. మామూలు పెర్ల్ పొడికీ, కమీలియాన్ (ఊసరవెల్లి) పేరుతో అమ్మే పొడికీ ధరలో తేడా ఎందుకో ఇక్కడే తెలుస్తుంది.

పెర్ల్ పొడి అంటే అభ్రకం రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పూత. చిన్నప్పుడు కాకిబంగారం ముక్కల్ని పొరలు పొరలుగా విడదీసి ఆడుకున్నవాళ్లకు ఆ రేకుల గుణం కొత్తగా చెప్పక్కర్లేదు. నెల్లూరు వైపు గూడూరు గనులకు పేరు వచ్చింది ఆ అభ్రకంతోనే. పూత మందం పెరిగే కొద్దీ వెండి, బంగారం, ఎరుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా వస్తాయి. మందం తేడా అంతా పదుల నానోమీటర్లలోనే.

రంగు బాగా జారే పొడిది ఐదు పొరల నిర్మాణం. మధ్యలో అద్దంలా అల్యూమినియం, దానికి రెండు వైపులా మెగ్నీషియం ఫ్లోరైడ్, అన్నిటికంటే పైన రెండు వైపులా వెలుగు దూరేంత పలుచని క్రోమియం. రేకు ఏ వైపు తిరిగి పడినా ఒకటే రంగు ఇవ్వాలని ఇలా రెండు వైపులా కడతారు. కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో ఫ్లెక్స్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ దీన్ని కరెన్సీ సిరాల కోసం తయారు చేసింది. కార్ల లోకం ఆ తర్వాత అందుకుంది. 1996లో ఫోర్డ్ మస్టాంగ్ కోబ్రా కార్లు మిస్టిక్ అనే రంగులు మారే పెయింటుతో వచ్చాయి. ఇప్పుడు ఆన్‌లైన్లో గ్రాముల లెక్కన దొరుకుతోంది.

వేడికి రంగు మారే పొడి ఇంకోటి ఉంది. వేడి టీ పోస్తే బొమ్మ కనిపించే కప్పుల మీద ఉండేది అదే. అది వేరే కులం, ఎండలో వెలిసిపోతుంది. మన పనికి రాదు.

కొనేటప్పుడు

అమ్మేవాళ్లంతా ప్రతి మెరుపు పొడినీ కమీలియాన్ అనే అంటారు. చిటికెడు చాలు, అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. ఒక నల్ల కార్డు, ఒక తెల్ల కాగితం పట్టుకెళ్లండి. వేలితో పొడిని రెండింటి మీదా పలుచగా రుద్ది, ఎండలోకి తెచ్చి వంచి చూడండి.

తెల్ల కాగితం మీద కూడా ముదురు నీలంగానో ఎర్రగానో కనిపించి, ఎటు వంచినా అదే రంగులో ఉంటే అది రంగు పట్టించిన అభ్రకం. మెరుస్తుంది, మారదు. సీసాలో తెల్లగా పిండిలా ఉండి, తెల్ల కాగితం మీద దాదాపు కనపడకుండా, నల్ల కార్డు మీద మాత్రం ఒక్కసారిగా నీలమో ఆకుపచ్చో మెరిస్తే అది ఇంటర్‌ఫియరెన్స్ పెర్ల్. ధర తక్కువ, కొద్దిగా మారుతుంది, మొదటిసారి చేసేవాళ్లకు ఇదే మేలు. సీసాలోనే లోహపు రంగుతో ఉండి, కార్డు వంచగానే రెండు మూడు రంగులు దాటిపోతే అప్పుడది అసలు సరుకు. ఆన్‌లైన్లో కొంటే ఈ పరీక్ష కుదరదు. కనీసం అయిదు గ్రాముల పొట్లం తెప్పించి చూసుకున్నాకే పెద్దది కొనండి.

అడుగున్నర కూజాకు 4 గ్రాములు సరిపోతుంది. పరీక్షలకు ఇంకో రెండు గ్రాములు ఉంచుకోండి.

కూజాయే ఎందుకు

హాల్లో గోడ మొత్తం ఇలా వేయిస్తే అదిరిపోతుందని చాలామంది అనుకుంటారు. నా మాట వినండి, వద్దు. చదునైన గోడను సోఫాలో కూర్చుని చూస్తే ఒకే కోణం, కాబట్టి దాదాపు ఒకే రంగు. లేచి నడిచేవాడికి తప్ప మారుతున్నట్టు తెలియదు. పైగా గోడలోని ప్రతి ఎత్తుపల్లం బయటపడుతుంది. కూజా అలా కాదు. దాని పొట్ట గుండ్రం, మెడ సన్నం, అంచు వంపు. కూర్చున్న చోటు నుంచి కదలకుండానే అన్ని కోణాలూ ఒకేసారి కనిపిస్తాయి, అన్ని రంగులూ ఒకేసారి వస్తాయి. గుండ్రటి స్తంభం, లేత్ మీద తిప్పిన టీపాయ్ కాళ్లు, ల్యాంపు బుడ్డి, ఇవన్నీ మంచివే. హెల్మెట్ మాత్రం ముట్టుకోకండి, థిన్నర్ దాని ప్లాస్టిక్ పెంకును బలహీనపరుస్తుంది. బండి మీద వేయాలనుకుంటే ఆర్‌సీలో రంగు నమోదై ఉంటుందని, అది మార్పించుకోవాలని మరిచిపోవద్దు.

కుమ్మరి దగ్గర కూజా ఎంచేటప్పుడు వేలి కణుపుతో తట్టండి. ఖంగున మోగాలి. బొదబొదమంటే పగులు ఉన్నట్టే. చెక్కడాలు, పూలతీగలు ఉన్నది వద్దు, నున్నటిది తీసుకోండి.

మొదటి మూడు రోజులు: ఎండ

మట్టి పాత్ర తడిని దాచుకుంటుంది. అది లోపలే ఉండగా పైన పెయింటు మూసేస్తే, ఏదో ఒక రోజు బుడగలై లేస్తుంది. అందుకే కూజాను మూడు రోజులు మంచి ఎండలో బోర్లించండి. వానాకాలమైతే వారం. పని పూర్తయ్యాక కూడా ఇందులో నేరుగా నీళ్లు పోయకూడదు. పూలు పెట్టుకోవాలంటే లోపల ఇరుకు మెడ గాజు సీసా ఒకటి దించుకోండి.

నాలుగో రోజు: లప్పం

గోడ లప్పం వాడొద్దు. పైన వచ్చే ఘాటు థిన్నర్లకు అది తట్టుకోలేదు. కార్ల పెయింటింగ్ షెడ్డులో వాడే పాలిస్టర్ లప్పం తెచ్చుకోండి. దాంతోపాటే చిన్న ట్యూబులో హార్డెనర్ ఇస్తారు. 100 గ్రాముల లప్పానికి 2 గ్రాముల హార్డెనర్. ఎక్కువ కలిపితే చేతిలోనే గట్టిపడుతుంది, తక్కువైతే ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. కలిపాక మీ దగ్గర ఉండేది పది నిమిషాలే, కాబట్టి నిమ్మకాయంత ముద్ద చొప్పున కలుపుకోండి. పాత ఏటీఎం కార్డు గుండ్రటి పొట్ట మీద బాగా వంగుతుంది, కొన్న పట్టీకంటే నాకదే నచ్చింది.

ఆరాక 120 నంబరు గరుకు కాగితం, తర్వాత 180, తర్వాత 320. మూడూ పొడిగానే. పాలిస్టర్ లప్పం నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి ఈ దశలో నీళ్లు పెట్టి రుద్దకూడదు. నున్నగా అయిందో లేదో కంటికంటే అరచేతికి బాగా తెలుస్తుంది. కళ్లు మూసుకుని కూజాను నిమరండి. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ మళ్లీ రుద్దాలి.

మాస్కు సంగతి, ప్రైమర్ డబ్బా తెరవకముందే

ఇక్కడి నుంచి హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురేథేన్) సరుకు వస్తుంది. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఇవి ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోయాయంటే తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం తెప్పిస్తాయి. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. కనీసం థిన్నర్ ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, ముందు దుమ్ము ఫిల్టర్ ఉన్న మాస్కు, కళ్లద్దాలు, నైట్రైల్ గ్లౌజులు కావాలి. పీయూ స్ప్రేకి అసలైన రక్షణ బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు. అది ఇంట్లో ఉండదు. అందుకే నేను ప్రైమర్ (అడుగు పూత), క్లియర్ (చివర వేసే పారదర్శక పూత) ఈ రెండింటినీ స్ప్రే బూత్ ఉన్న షెడ్డులో చేయించుకోమంటాను. నలుపు, రంగు మాత్రం మీ చేత్తో వేసుకోండి, సరదా అంతా వాటిలోనే ఉంది. అవి కూడా డాబా మీద, గాలి ఆడే చోట. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, నేల పట్టుకుని పాకుతుంది. దగ్గర్లో గ్యాస్ పొయ్యి గానీ, దేవుడి గూట్లో దీపం గానీ, అగరొత్తి గానీ వెలుగుతూ ఉండకూడదు.

అయిదో రోజు: ప్రైమర్; మర్నాడు: నలుపు

పీయూ ప్రైమర్ రెండు కోటింగులు. రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు 600, ఆపైన 800 నంబరు వాటర్ పేపర్‌తో సబ్బునీళ్లలో రుద్దండి. ప్రైమర్ పైన ఉంది కాబట్టి ఇప్పుడు తడి పర్వాలేదు, కానీ రుద్దుతూ రుద్దుతూ లప్పం దాకా దిగకండి. కడిగి, పూర్తిగా ఆరాక ఇక చేతులతో ముట్టుకోవద్దు. తలకు కొబ్బరినూనె రాసుకుని ఆ చేతులతో పట్టుకుంటే, రంగు ఆ చోట నిలవదు, చేపకన్నులా గుండ్రంగా తప్పుకుంటుంది. మెత్తటి గుడ్డకు కొద్దిగా వ్యాక్స్ రిమూవర్ అద్ది తుడిచాకే స్ప్రే.

నలుపుకు కార్ల బేస్‌కోట్ (క్లియర్ కింద వేసే రంగు పూత) బ్లాక్ వాడండి. రెండు పలుచని కోటింగులు, మధ్యలో పది నిమిషాలు. ఇది ఆరాక మెరవదు, మొద్దుగా ఉంటుంది. కంగారు పడొద్దు, క్లియర్ పడ్డాక మెరుపు వస్తుంది.

ఈ చోటే నేను మొదటిసారి చేతులు కాల్చుకున్నాను. గేటుకు వేయగా మిగిలిన నల్ల ఎనామిల్ ఇంట్లో ఉంటే, నలుపు నలుపే కదా అని దాన్నే పూసేశాను. రెండు రోజులు ఆరింది, ముట్టుకుంటే గట్టిగానే ఉంది. దాని మీద థిన్నర్ కలిపిన రంగు పడగానే, కాగిన పాల మీద మీగడ ముడుచుకున్నట్టు మొత్తం ముడతలు పడిపోయింది. చెక్కి తీయడానికి రెండు రోజులు పట్టింది. సింథటిక్ ఎనామిల్ మీద ఘాటు థిన్నర్ ఉన్నదేదీ వేయకూడదని అలా నేర్చుకున్నాను. నలుపు, రంగు, క్లియర్ మూడూ ఒకే కుటుంబానికి చెందినవి కావాలి, కుదిరితే ఒకే కంపెనీవి.

చెంచాల పరీక్ష

కూజా మీద వేయడానికి ముందు, ఐస్‌క్రీంతో ఇచ్చే ప్లాస్టిక్ చెంచాలు అయిదు తీసుకోండి. 400 నంబరు కాగితంతో గరుకు చేసి, అదే నలుపు వేయండి. చెంచాలో గుంట ఉంది, వీపు ఉంది, పిడి ఉంది, కూజాలోని వంపులన్నీ చిన్న రూపంలో ఉన్నట్టే. అయిదింటినీ వరుసగా అట్టకు గుచ్చి అన్నిటికీ ఒక కోటింగు రంగు. ఒకదాన్ని పక్కకు తీసి, మిగతా నాలుగింటికీ రెండోది. అలా చివరి చెంచాకు అయిదు. చెంచా పిడి వెనుక కోటింగుల సంఖ్య రాసుకుని, క్లియర్ కూడా వేసి, ఎండలో పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి రెండు పూతల చెంచాలు నల్లగా, అక్కడక్కడా రవ్వలతో ఉంటాయి. ఎక్కడో మూడుకీ అయిదుకీ మధ్య రంగు నిండుగా వచ్చి, ఆ తర్వాత ఎన్ని వేసినా తేడా కనపడదు. ఆ అంకె మీ పొడికి, మీ స్ప్రే గన్నుకి, మీ చేతికి సంబంధించింది. ఇంకొకరి అంకెను అరువు తెచ్చుకోవడం కుదరదు.

ఆరో రోజు: రంగు

ముందు కలపడం. రంగు లేని బేస్‌కోట్ బైండర్ (పొడిని పట్టి ఉంచే ద్రవం) ఒక వంతు, థిన్నర్ ఒక వంతు, మొత్తం 150 మిల్లీలీటర్లు. దానికి 4 గ్రాముల పొడి, అంటే లీటరుకు సుమారు 27 గ్రాముల లెక్క. నగల దుకాణం తరహా చిన్న డిజిటల్ కాటా ఉంటే మంచిది. తూచేటప్పుడు ఫ్యాను ఆపండి. ఆ పొడి ఎంత తేలికంటే, ఫ్యాను తిరిగితే నెలరోజుల దాకా ఇల్లంతా మెరుస్తూనే ఉంటుంది.

పొడిని నేరుగా డబ్బాలో గుమ్మరించకండి, ఉండలు కడుతుంది. ముందు గిన్నెలో పొడి మునిగేంత థిన్నర్ పోసి, ఉప్మా రవ్వ ఉండ కట్టకుండా కలిపినట్టు పుల్లతో నెమ్మదిగా తడిపి, అయిదు నిమిషాలయ్యాక బైండర్‌లోకి వంచండి. డ్రిల్లుకు తగిలించే మిక్సర్ గానీ, గోళీలు వేసి గిలకొట్టడం గానీ చేయొద్దు. ఇవి రేకులు. విరిగితే దుమ్మవుతాయి, దుమ్ములో రంగు మారడం ఉండదు, బూడిద మెరుపే మిగులుతుంది. చివరగా 190 మైక్రాన్ల కాగితం గరాటుతో వడకట్టండి. రేకులు మామూలుగా 10 నుంచి 60 మైక్రాన్లు కాబట్టి అవి దిగిపోతాయి, ఉండలు ఆగిపోతాయి.

గన్నుకు 1.3 మిల్లీమీటర్ల నాజిల్, గన్ను దగ్గర గాలి ఒత్తిడి 25 పీఎస్ఐ అటూ ఇటూ. కూజాను తిరిగే పీట మీద పెట్టుకోండి. పీట తిప్పుతూ, గన్నును 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో నిటారుగా పట్టుకుని పైనుంచి కిందికి దిగండి. ఒక పట్టీ మీద ఇంకో పట్టీ సగానికి పైగా పడాలి. మొదటి కోటింగు వేశాక ఏమీ జరగలేదనిపిస్తుంది. ఇక్కడే అందరికీ చెయ్యి దురద పెడుతుంది, రెండోది దట్టంగా కొట్టేస్తారు. ఆగండి.

ఎందుకు ఆగాలో చెబుతాను. రేకులు చదునుగా, నేల మీద పరిచిన బండల్లా పడుకుంటేనే అన్నీ కలిసి ఒకే రంగు చూపిస్తాయి. వాటిని పడుకోబెట్టేది థిన్నర్ ఆరిపోయేటప్పుడు పూత కుంచించుకుపోవడం. పూత పలుచగా ఉంటే రేకు లేచి నిలబడడానికి చోటు ఉండదు, ఒత్తుకుని పడుకుంటుంది. దట్టంగా తడిగా వేస్తే అందులో రేకులు ఈదుతాయి. ఆరేలోపు సుడులు తిరిగి మబ్బుల్లా మచ్చలు కడతాయి. మరీ దూరం నుంచి పొడిపొడిగా కొడితే ఇసుకలా నిలువుగా గుచ్చుకుని గరుకుగా, రంగు పలుచబడి కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య సన్నటి దారి ఉంది, అది చెంచాల మీద నేర్చుకోవాల్సిందే.

ప్రతి కోటింగుకూ మధ్య మెరుపు పోయి మొద్దుబారే దాకా ఆగాలి, అయిదు నుంచి పది నిమిషాలు. ఆ ఖాళీలో గన్ను కప్పును ఊపుతూ ఉండండి, లోహపు రేకులు అడుగుకు దిగిపోతాయి. చెంచా చెప్పిన అంకె పూర్తయ్యాక, గన్నును 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరానికి జరిపి ఒక్క తేలికపాటి తుంపర వేయండి. మచ్చలేమైనా ఉంటే అది కలిపేస్తుంది.

మధ్యలో దుమ్ము పడితే? ఈగ వాలితే? రుద్దకండి. ఆరిన రంగు పూతను గరుకు కాగితంతో తాకితే రేకులు తెగి, ఆ గీత ఎన్ని క్లియర్ల కింద ఉన్నా కనిపిస్తుంది. దుమ్మును క్లియర్‌లోనే సరిచేసుకోవాలి. ఈగ పూర్తిగా అతుక్కుంటే మళ్లీ నలుపు నుంచి మొదలు. నేనైతే డాబా మీద పాత దోమతెర కట్టుకుని అందులో వేస్తాను.

మన వాతావరణం సంగతి డబ్బాల మీద రాయరు. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం స్ప్రే చేస్తే థిన్నర్ గాల్లోనే ఆవిరై, కూజాను తాకేది పొడే. పొద్దున్నే ఎనిమిదిలోపు ముగించండి, నెమ్మదిగా ఆరే స్లో థిన్నర్ అడగండి. కోస్తాలో వానాకాలం అయితే కష్టం ఇంకో వైపు నుంచి వస్తుంది. థిన్నర్ ఆరుతూ పూతను చల్లబరుస్తుంది, గాలిలో తడి దాని మీద పేరుకుంటుంది, నలుపు తెల్లబారుతుంది. ఉతికిన బట్టలు సాయంత్రానికి ఆరని రోజున పెయింటు పని పెట్టుకోవద్దు.

ఏడో రోజు కాదు, అదే రోజు: క్లియర్

రంగు బాగా ఆరాక, అరగంట నుంచి గంటలో, అద్దంలా మెరిసే పీయూ క్లియర్ పడాలి. వారం ఆగి వేస్తే పొరల మధ్య పట్టు సరిగా ఉండదు. అందుకే షెడ్డువాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి. హార్డెనర్ పాళ్లు డబ్బా మీద ఎలా ఉంటే అలా, చాలావాటికి రెండుకు ఒకటి. రెండు కోటింగులు, మధ్యలో పది పదిహేను నిమిషాలు.

మ్యాట్ క్లియర్ అడగొద్దు. ఫోటోల్లో బాగుంటుంది గానీ, దాని గరుకు ముఖం వెలుగును అన్ని వైపులా చిమ్ముతుంది, కోణాలన్నీ కలగలిసిపోయి రంగు మార్పు సగానికి చస్తుంది.

మొదటి క్లియర్ తుంపర పడిన క్షణంలో కూజా మొద్దు బూడిద నుంచి ఒక్కసారిగా నెమలి మెడ అయిపోతుంది. ఇన్ని రోజుల రుద్దుడూ ఆ క్షణం కోసమే అనిపిస్తుంది నాకు. 24 గంటలు ముట్టుకోకండి, వారం దాకా గట్టిగా తుడవకండి.

గన్నూ కంప్రెసరూ లేకపోతే

నీటితో కలిసే కలర్ షిఫ్ట్ యాక్రిలిక్ సీసాలు బొమ్మల రంగుల దుకాణాల్లో దొరుకుతాయి. నల్ల యాక్రిలిక్ మీద వీటిని బ్రష్‌తో వేస్తే, రేకులు బ్రష్ లాగిన దారిలో పడుకుని గీతలు కనిపిస్తాయి. గుండ్రం మీద ఆ గీతలు వికారంగా ఉంటాయి. దానికంటే మెత్తటి స్పాంజి ముక్కతో చుక్కలు చుక్కలుగా అద్దండి. పలుచగా మూడు సార్లు, ప్రతిసారీ పూర్తిగా ఆరనిచ్చి. గన్ను పని అద్దంలా ఉంటే ఇది పొలుసుల్లా ఉంటుంది. నిజం చెప్పాలంటే మట్టి కూజాకు ఆ పొలుసులే ఎక్కువ నప్పుతాయని ఒకరిద్దరు నాతో వాదించారు, నేను గట్టిగా కాదనలేకపోయాను. పైన నీటి ఆధారిత మెరుపు వార్నిష్ రెండు సార్లు. ఐసోసయనేట్ల భయం లేదు, పిల్లలతో కలిసి కూడా చేయొచ్చు.

పెట్టే చోటు, దాచుకునేవి

ట్యూబులైటు కింద పెట్టి రంగు మారడం లేదని నిరాశపడేవాళ్లు ఉన్నారు. పరుచుకున్న వెలుగులో కోణం ఉండదు. కూజాకు ఒక పక్క కిటికీ ఉండాలి, లేదా పైనుంచి ఒక స్పాట్ లైటు పడాలి. బల్బు పసుపు వెలుగుదైతే నీలాలు, ఊదాలు మందగిస్తాయి, బంగారం ఆకుపచ్చల కూజాకైతే అదే మేలు. కిటికీ పక్కనైతే సాయంత్రం ఎండ వాలేటప్పుడు దాన్ని చూడాలి.

తుడవడానికి తడి మెత్తటి గుడ్డ చాలు. చిన్న గీత పడితే క్లియర్ వరకే అయితే పాలిష్‌తో పోతుంది. రంగు దాకా దిగితే అక్కడొక్కచోట అతుకు వేయడం కుదరదు. కొత్త రేకులు పాతవాటితో సమానంగా పడుకోవు, ఒక కోణంలో కలిసిపోయినా ఇంకో కోణంలో మచ్చ బయటపడుతుంది. మెడ నుంచి అడుగు దాకా మొత్తం మళ్లీ వేయాల్సిందే.

అందుకని మిగిలిన పొడిని గట్టి మూత సీసాలో తడి తగలకుండా దాచండి, ఏళ్లపాటు ఉంటుంది. బైండర్‌లో కలిపేసింది మాత్రం నిల్వ ఉంచొద్దు. చెంచాల్లో మీరు ఎంచుకున్న దాన్ని పారేయకండి. దాని పిడి వెనుక నలుపు 2, రంగు 4, క్లియర్ 2, థిన్నర్ ఏది, ఏ నెలలో వేశారు అని రాసి, దారం కట్టి కూజా లోపలికి వేలాడదీయండి.